మ్యూట్ చేసినవాళ్ల తెలివి

"ఊరోళ్ల చేతికి స్మార్ట్‌ఫోన్ ఇస్తే ఇంతే!" ఏ పుకారు లేచినా సిటీలో ఈ తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఇది తప్పుడు తీర్పు అంటాన్నేను. నా సాక్ష్యం 2018 ఎండాకాలం.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని గద్వాల, వనపర్తి పల్లెల్లో వాట్సాప్ నిండా వీడియోలు, హెచ్చరికలు. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయారు.

చదువు లేక నమ్మారనడం తేలిక. పాలమూరు వలసలు తెలిసినవాళ్లు అంత తేలిగ్గా అనరు. గద్వాలైనా, వనపర్తైనా, నాగర్‌కర్నూలైనా, పిల్లల్ని అవ్వాతాతల దగ్గర విడిచి బతుకుదెరువుకి పోయిన కుటుంబాలెన్నో. ఎక్కడో దూరాన పనిలో ఉన్న తండ్రికి ఆ వీడియో వస్తే ఏం చేస్తాడు? ముందు ఇంటికి పంపిస్తాడు. మనకి అది ఫార్వర్డ్ చెత్త. అతనికి "పిల్లలు పైలం" అని చెప్పడం. అందుకున్నవాళ్లు కూడా వీడియోని చూసి కాదు, పంపిన మనిషిని చూసి నమ్ముతారు.

అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరికి ఈ కిటుకు తెలిసింది. ప్రెస్‌నోట్‌తో సరిపెట్టకుండా నాలుగు వందలకు పైగా ఊళ్లకు పోలీసుల్ని పంపారు. వాళ్లు డప్పు కొట్టారు, పాటలు పాడారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. పుకారు తెలిసినవాళ్ల నుంచే వచ్చింది కదా, జవాబూ అలాగే వచ్చింది. ఆ ఊళ్లలో ఈ పుకారుకి ఒక్క ప్రాణమూ పోలేదు.

మరి చదువుకున్న మన సిటీ? అదే ఏడాది మేలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, ఇదే పుకారుతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఇప్పుడు ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లని ఐదు చాట్‌లకి కుదించింది. మంచిదే. పుకారు కాస్త నెమ్మదిస్తుంది. భయపడ్డవాళ్లకి ధైర్యం చెప్పడానికి మాత్రం మనిషి కావాలి.

ఆ మనిషి మనం కావచ్చు. కానీ మనం ఫ్యామిలీ గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టి, మేనమామ పెట్టిన మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి, దోస్తుల గ్రూప్‌లో నవ్వుకుంటున్నాం. దీనికి తెలివి అని పేరు పెట్టుకున్నాం. ఈసారి ఆయన ముఖాన ఫ్యాక్ట్‌చెక్ లింకు విసరకండి. ఫోన్ చేయండి. ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పండి. లింకుని నమ్మకపోయినా, మేనల్లుడి మాట వింటాడు.