పండుగ ముల్లంగి కేకు – పెద్దవాళ్లకు పెట్టవచ్చా?

చైనావారి నూతన సంవత్సరం ఏటా జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య వస్తుంది. ఆ రోజుల్లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలోను, హాంకాంగ్‌లోను చాలా ఇళ్లలో ఆవిరిమీద ఉడికించే ఒక ఉప్పు వంటకం ఉంది. కాంటనీస్ భాషలో దానిని లో బాక్ గో అంటారు. లో బాక్ అంటే ముల్లంగి, గో అంటే కేకు. 'ఎత్తు' అనే మాట కూడా వినడానికి అలాగే ఉంటుంది. అందుకే ఏటేటా ఎదుగుతామని ఆశిస్తూ పండుగకు దీన్ని తింటారు. కేకు అన్నాను గదా అని బేకరీ కేకును ఊహించుకోకండి. మైదా లేదు, గుడ్డు లేదు, ఓవెను లేదు. మన ఆవిరి కుడుముకు చుట్టం అనుకోండి.

ఇదే రకం వంటకాన్ని సింగపూరులో 'క్యారెట్ కేక్' అంటారు. అక్కడివారి మాటలో క్యారెట్టు అంటే ఎర్ర ముల్లంగి కనుక ఆ పేరు నిలిచిపోయింది. లోపల క్యారెట్టు ఉండదు, పంచదార కేకూ కాదు. అక్కడ నర్సులుగా, కంప్యూటరు ఉద్యోగులుగా ఉన్న మన పిల్లలు "క్యారెట్ కేక్ తిన్నాం" అని ఫోనులో చెబితే, ఇక్కడ తల్లులు "అంత తీపి ఎందుకే" అని కంగారుపడటం నేను విన్నాను.

ఆరోగ్య పత్రికలో ఈ వంట గోల ఎందుకంటారా? బి.పి., షుగరు ఉన్న పెద్దవాళ్లకు పండుగ వంట పెట్టాలా వద్దా అనే ప్రశ్న అక్కడి ఇళ్లలోనూ ఉంది, మన ఇళ్లలోనూ ఉంది. ముప్పై ఏళ్ల వార్డు అనుభవంతో చెబుతున్నాను: "తినకూడదు" అన్నది మేము చాలా తేలికగా చెప్పే మాట, రోగులు అతి తక్కువగా పాటించే మాట. పెద్దాయన అందరి ముందూ వద్దంటాడు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి నాలుగు ముక్కలు తింటాడు. కనుక నా అభిప్రాయం ఒక్కటే. ప్లేటులోంచి తీసివేయకండి, ఇంట్లో చేసి, కొలిచి పెట్టండి.

అయితే ఇంట్లో చేసినదంతా మంచిదే అనుకోవడం కూడా పొరపాటు. ఈ కేకులో ఉప్పు ఒక్క డబ్బాలోంచి రాదు. ఎండు రొయ్యల్లో ఉప్పు ఉంది, లాప్ చోంగ్ అనే ఎండు పంది సాసేజీలో ఉప్పు, కొవ్వు రెండూ ఉన్నాయి, సోయా సాసులో ఉంది, రుచికి వేసే చికెన్ పొడిలోనూ ఉంది. వీటన్నిటి మీద మళ్లీ చెంచాడు ఉప్పు వేస్తే కొన్న కేకును మించిపోతుంది. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాములకన్న తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న టీ చెంచాడు.

ఒక కిలో తెల్ల ముల్లంగిని చెక్కు తీసి తురమండి. చలికాలపు ముల్లంగి నీరు పట్టి తియ్యగా ఉంటుంది, ఘాటు తక్కువ. గుప్పెడు ఎండు రొయ్యలను నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. నాలుగైదు ఎండు పుట్టగొడుగులను విడిగా నానబెట్టండి, వాటి నీళ్లు మాత్రం దాచండి, రుచంతా అందులోనే ఉంది. సాసేజీ వేస్తే ఒక్కటి చాలు. వేడినీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి సన్నగా తరగండి. కొంత ఉప్పు, కొంత కొవ్వు పోతాయి. నా ఓటైతే సాసేజీ మానేయడానికే. ఇటువంటి నిల్వ మాంసాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2015లో క్యాన్సరు కారకాల జాబితాలో చేర్చింది. మన కోస్తావారికి ఎండు రొయ్యల రుచి కొత్తగా నేర్పనక్కరలేదు, అవే చాలు. రొయ్యలు పడనివారు ఇంట్లో ఉంటే పుట్టగొడుగులతోనే చేయండి.

రొయ్యలు, పుట్టగొడుగులు చెంచాడు నూనెలో వేయించి, ముల్లంగి తురుము వేసి పది నిమిషాలు మగ్గనివ్వండి. అది వదిలిన నీరు పిండి పారేయవద్దు. 200 గ్రాముల పొడి బియ్యప్పిండి, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, తెల్ల మిరియాల పొడి, దాచిన పుట్టగొడుగుల నీళ్లు ఒక కప్పు కలిపి, వేడి ముల్లంగిలో పోసి చిక్కబడేదాకా తిప్పండి. నూనె రాసిన గిన్నెలోకి తీసి గంటసేపు ఆవిరిమీద పెట్టండి. పిండి పెంచితే ముక్కలు చక్కగా తెగుతాయి గాని రబ్బరులా ఉంటుంది, షుగరు కూడా పెరుగుతుంది. కొంచెం విరిగినా ముల్లంగి ఎక్కువగా ఉన్నదే మంచిది.

షుగరు ఉన్నవారికి లెక్క చెబుతాను. ఈ కొలతతో చేసినదాన్ని 16 ముక్కలు కోస్తే, ఒక్కో ముక్కలో పిండిపదార్థం సుమారు 15 గ్రాములు వస్తుంది. రెండు ముక్కలు తింటే ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించాలి. కూరగాయ కేకే గదా అని అన్నంతోపాటు తింటే లెక్క తప్పుతుంది. ముల్లంగి బదులు చేమదుంపతో చేసే రకంలో పిండి ఇంకా ఎక్కువ.

అక్కడ చాలామంది దీన్ని చల్లార్చి, మర్నాడు ముక్కలు కోసి పెనంమీద ఎర్రగా కాలుస్తారు. ఆ కరకర కోసమే సగం పండుగ! వద్దనను. నాన్‌స్టిక్ పెనంమీద చెంచాడు నూనె చాలు, నూనెలో తేలనవసరం లేదు. గుండెజబ్బు ఉన్నవారికి ఆవిరిమీదనుంచి దించినది దించినట్టే పెట్టండి.

అన్నిటికంటె నేను భయపడేది నిల్వ విషయంలో. పండుగ సందడిలో గిన్నె బల్లమీదే రాత్రంతా ఉండిపోతుంది. వండిన బియ్యపు పదార్థాల్లో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. తర్వాత ఎంత వేడిచేసినా ఆ విషం పోదు, వాంతులు తప్పవు. దించిన రెండు గంటల్లోపల ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో ముగించండి. ఫ్రీజరులో పెడితే కరిగేటప్పుడు నీరు వదిలి పొడిపొడి అవుతుంది. కనుక ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసుకుని చిన్న గిన్నెలోనే చేయండి.