వేసవిలో మంచుకొండ

రోహిణికార్తెలో రోళ్లు పగులునందురు. ఆ కార్తె ప్రవేశించు దినములలోనే, 2014 మే 25వ తేదీన, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు కూలివారి బిడ్డ మాలావత్ పూర్ణ, 13 ఏండ్ల 11 నెలల ప్రాయమున, మంచు కప్పిన ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. వేయి మీటర్ల యెత్తునకు ఇంచుమించు 6 డిగ్రీల చొప్పున వేడిమి తగ్గును. కావున అచ్చట వేసవియు మంచును కరగింపజాలదు.

ఆమె తొలిపాఠము మాత్రము మన భువనగిరి బండపైననే. మొన్న తుర్కయంజాలులో మా అమ్మాయి, పాఠశాలవారితో ఆ బండ నెక్కెదనని యడుగగా, కాలు జారునేమో యని వలదంటిని. రాత్రి నిద్ర పట్టలేదు. పూర్ణ తల్లికి భయము లేకుండునా? అయినను పంపినది గదా! తెల్లవారగనే, త్రాళ్లును గురువులును ఉందురని విచారించి తెలిసికొని, సమ్మతిపత్రమున సంతకము చేసితిని.