నిపా: ‘దొరకలేదు’ అంటే ‘లేదు’ అని కాదు

2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ జిల్లాలో నిపా వైరస్ బయటపడినప్పుడు ప్రజలు వేసిన మొదటి ప్రశ్న, ఇది ఎలా సోకుతుందన్నది. ఆనాటికి శాస్త్రజ్ఞుల వద్ద ఉన్నది సగం సమాధానమే. రోగికి అతి చేరువగా మెలిగిన వారికి వ్యాధి సంక్రమిస్తుందని 2001 నాటి సిలిగురి అనుభవం నేర్పింది. అక్కడ ఎక్కువ మందికి వ్యాధి సోకింది ఆస్పత్రులలోనే. కాని కోజికోడ్ జిల్లా పేరాంబ్ర సమీపంలో తొలి రోగికి వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఆ కుటుంబానికి చెందిన బావిలో గబ్బిలాలు కనిపించాయి. వాటి నమూనాలను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలలో పరీక్షించగా వైరస్ కనిపించలేదు. వెంటనే గబ్బిలాలకు, ఈ వ్యాధికి సంబంధం లేదన్న ప్రచారం దేశమంతటా పాకింది. ప్రయోగశాల చెప్పింది అది కాదు. బావిలో దొరికినవి కీటకాలు తినే గబ్బిలాలు. నిపాకు సహజ నిలయంగా శాస్త్రజ్ఞులు గుర్తించినవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. పైగా వైరస్ ఉన్న గబ్బిలం కూడా అన్ని వేళలా దానిని విసర్జించదు. అటు తరువాత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ ప్రాంతంలోని 52 పండ్ల గబ్బిలాలను పరీక్షించగా పదింటిలో వైరస్ జాడ దొరికింది.

ఈ గందరగోళంలో పత్రికల వాటా తక్కువేమీ కాదు. ‘ఆధారం లభించలేదు’ అన్న వాక్యం శీర్షికకెక్కే సరికి ‘కారణం కాదు’గా మారిపోవడం వార్తలు అనువదించే బల్లల వద్ద తరచు జరిగేదే. శీర్షికలో నాలుగు మాటలకే చోటు. ముందుగా కోతకు గురయ్యేది అనిశ్చితిని తెలిపే మాట.

భయం మరోవైపూ హద్దు మీరింది. గబ్బిలం కొరికిన పండ్లు తినవద్దని, మిగిలినవి కడుక్కుని తినమని అధికారులు సూచించగా, జనం పండ్లనే మానివేశారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కేరళ పండ్లు, కూరగాయల దిగుమతిని నిలిపివేసింది. రోగులకు సేవ చేసిన పేరాంబ్ర నర్సులను ఇరుగుపొరుగు వెలివేసినట్లు వార్తలు వచ్చాయి. వారిలో లినీ అనే నర్సు అదే వ్యాధితో మరణించింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం మొత్తం మృతులు 17 మంది.

అయినా వ్యాధి అదుపులోకి వచ్చింది. తొలి రోగికి ఎలా సోకిందో తేలేవరకు ఆరోగ్య శాఖ ఆగలేదు. మనిషి నుంచి మనిషికి సోకుతుందన్న తెలిసిన సగాన్నే పట్టుకుని, రోగులతో మెలిగిన రెండు వేల మందికి పైగా గుర్తించి పరిశీలనలో ఉంచింది.

బంగ్లాదేశ్ పరిస్థితి వేరు. అక్కడ రాత్రివేళ గబ్బిలాలు ఈతచెట్టు గీతను నాకడం కెమెరాలకు చిక్కింది. 2005లో టాంగైల్ జిల్లాలో నిపా సోకడానికి పచ్చి ఈతరసమే కారణమని పరిశోధకులు తేల్చారు. కాబట్టి కుండపై వెదురు తడిక కట్టండి, పచ్చిరసం తాగకండి అని అక్కడ సూటిగా చెప్పడం సాధ్యమైంది. కేరళలో వేలు పెట్టి చూపడానికి అలాంటి కుండ లేదు. 2021, 2023, 2024 సంవత్సరాలలో నిపా మళ్ళీ ప్రాణాలు తీసింది. 2018 నాటి తొలి రోగికి వైరస్ ఏ మార్గాన చేరిందో నేటికీ నిర్ధారణ కాలేదు.