పడినవాడిని కొట్టే ఆట

కోసిగి చుట్టుపట్ల పల్లెల్లో జాతరంటే కుస్తీ ఉండాల్సిందే. ఆనాటి గోదాలో పేరు తెచ్చుకున్న వస్తాదులకు ఈనాడు మనవళ్లు సెల్‌ఫోనులో చూపించే పోటీలు బొత్తిగా రుచించవు. అదంతా ముసలి చాదస్తమని కొట్టివేయరాదు.

డబ్ల్యూడబ్ల్యూఈ సంగతి తేలిక. గెలుపెవరిదో ముందే రాసుకున్న ఆట అది. పన్నుల బెడద తప్పించుకునేందుకు ఇది పోటీ కాదు, వినోదమేనని ఆ కంపెనీయే 1989లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒప్పుకున్నది. వీధినాటకంలో భీముణ్ణి చూసినట్లు చూస్తే నష్టం లేదు. (అంత ఎత్తునుంచి దూకడానికీ కసరత్తు కావాలి, అది వేరే మాట.)

తన్నులు, గుద్దులు, కుస్తీ కలగలిసిన ఎంఎంఏ అలాంటిది కాదు. దెబ్బలు నిజమైనవే. 1993లో యూఎఫ్‌సీ మొదలైనప్పుడు నిబంధనలు నామమాత్రం. తల వెనుక కొట్టరాదన్న నియమం కూడా తరువాత వచ్చినదే. వస్తాదుల అభ్యంతరం మరొకటి. గోదాలో వీపు మట్టికి ఆనితే కుస్తీ ముగిసినట్లే, గెలిచినవాడే చెయ్యి అందిస్తాడు. ఎంఎంఏలో పడినవాడి గుండెలమీద కూర్చుని గుద్దవచ్చు.

అయినా దానికీ పునాది కుస్తీయే. 2019లో రీతూ ఫోగట్ కుస్తీ విడిచి అటు వెళ్లింది. మిరపకోతలకు గుంటూరు వలసపోయే ఇంటి కుర్రవాడికి ఆ డబ్బుమీద ఆశ కలిగితే తప్పు పట్టలేం. కాని ఫోను చూసి పట్లు వేయబోతే మెడ విరుగుతుంది. జల్లించిన ఎర్రమట్టితో గోదాకు పంచాయతీ కాస్త చోటు చూపించాలి. పట్లు నేర్పగల వస్తాదులకు ఇంకా కాళ్లు ఆడుతున్నాయి.