బాలుర టెన్నిసు – క్రొత్త గురువు

మన దేశమున బాలబాలికలకు టెన్నిసు నేర్పు శిక్షణాలయములలో నేడొక క్రొత్త యుపాధ్యాయుడు ప్రవేశించుచున్నాడు. రాకెట్టు పట్టుటయు బంతి కొట్టుటయు నేర్పు గురువు వేరుగా నున్నాడు. ఆడువారి దేహమును, మనస్సును, ఆహారమును, నిద్రను, విశ్రాంతిని కనిపెట్టి చూచుట యీ క్రొత్తవాని పని. ఇతనిని పెర్ఫార్మెన్సు కోచ్ అని పిలుచుచున్నారు. ఇట్టివాడు వచ్చెనని విన్నంతనే తలిదండ్రుల యాశలు రెట్టింపగుట సహజము. వచ్చిన మూడవ నెలకే కప్పు రావలెనని కోరువారును గలరు. ఇతనిని మన మేల పిలిచితిమి, ఇతని వలన నేమి కోరవలెను అను విషయములను ముందుగా నిర్ణయించుకొననిచో, క్రొత్త గురువు వచ్చియు పాత నష్టమే మిగులును. పిల్లలను ఆటలకు బంపదలచిన పెద్దాపురపు గృహస్థులకు ఈ విషయమున రెండు మాటలు మనవి చేయుచున్నాము.

కృష్ణా మండలమందలి ఉయ్యూరున జన్మించిన మైనేని సాకేత్ కథ తెలుగువా రెల్లరు జ్ఞాపకముంచుకొనదగినది. 2016వ సంవత్సరమున న్యూయార్కులో జరిగిన యు.ఎస్. ఓపెన్ పోటీలలో అతడు అర్హత పందెములు మూడింటిని గెలిచి ప్రధానపు పోటీలో ప్రవేశించెను. మొదటి పందెముననే చెక్ దేశీయుడగు జిరి వెసెలీతో నైదు సెట్లు పోరాడెను. విజయమునకు ఒక్క పాయింటు దూరమునకు వచ్చెను. అంతలో కాలి కండరములు పట్టివేసినవి. నిలువబడుటయే కష్టమైన స్థితిలో ఆడి, అతడు తుదకు ఓడిపోయెను. అంతకు రెండేండ్లకు ముందు, 2014లో, ఇంచియాన్ ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో గూడి స్వర్ణపతకము నార్జించిన వీరుడాతడు. అతనికి విద్య లేకపోలేదు, ధైర్యము లేకపోలేదు. ఆ దినమున దేహము మాత్రము మాట వినలేదు.

ఒక్కని తప్పు వెదకుట మా యుద్దేశము గాదు. ఇట్టి యనుభవము పెక్కురకు గలిగినది. యూకీ భాంబ్రి 2009లో ఆస్ట్రేలియా ఓపెన్ బాలుర విజేత. 2018లో ప్రపంచపు సింగిల్సు పట్టికలో 83వ స్థానము వరకు నెక్కి, మోకాటి బాధచే దీర్ఘకాల మాటకు దూరమై, తుదకు డబుల్సు నాశ్రయించెను. హైదరాబాదున పెరిగిన సానియా 2003లో వింబుల్డన్ బాలికల డబుల్సు గెలిచెను. 2007లో సింగిల్సున 27వ స్థానమున నిలిచెను. మరుసటి యేడే మణికట్టునకు శస్త్రచికిత్స జరిగెను. ఆమె 2015లో డబుల్సున ప్రపంచమున ప్రథమస్థాన మలంకరించుట ఆమె పట్టుదలకు నిదర్శనము. బాల్యమున విజయము మన పిల్లలకు దుర్లభము గాదని యీ యుదాహరణములు చెప్పుచున్నవి. ఆ విజయమును మోయవలసిన దేహము నిలుచునా యనునదే ప్రశ్న.

ఈ ప్రశ్న మన పూర్వులకు తెలియనిది గాదు. వ్యాయామము బలవంతుడైనను తన శక్తిలో సగము మేరకే చేయవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను. శీతకాల వసంతములు అందుకు తగిన ఋతువులనియు, తక్కిన కాలమున తగ్గింపవలెననియు చెప్పెను. బాలురు వ్యాయామమును మానవలెనని గూడ నాతడే వ్రాసెను. నేడు మనము బాలురకు ఆటలు మానుపుమని చెప్పబోము; ఆడని బాలుడు రోగి యగుట మనమెరుగుదుము. కాని యీ యర్ధశక్తి సూత్రములోని వివేకమును విడువరాదు. ఎంత చేయించవలెనో తెలిసినవాడు శిక్షకుడు. ఎక్కడ నిలుపవలెనో తెలిసినవాడు గురువు.

నేటి వైద్యశాస్త్రమును ఇదియే చెప్పుచున్నది. ఎదుగు పిల్లల యెముకల కొనలు ఇంకను లేతగా నుండును. బాలికలకు రమారమి 12వ యేట, బాలురకు 14వ యేట ఎత్తు మిక్కిలి వేగముగా పెరుగును. ఆ కాలమున యెముక ముందు పెరిగి, కండరము, నరము వెనుకబడును. అప్పుడే భుజము, మోచేయి, నడుము, మోకాలు చెడుచున్నవి; ఒకే విధమగు సర్వీసును దినమునకు వందలసార్లు చేయించుట యందుకొక ముఖ్యకారణము. పిల్లవాడు వారమునకు ఆడు గంటలు వాని వయస్సు సంఖ్యను మించరాదని క్రీడావైద్యులొక సులభసూత్రము చెప్పుదురు. పండ్రెండేండ్ల వానికి పండ్రెండు గంటలు. మన శిక్షణాలయములలో నీ లెక్క పాటించువా రెందరు? పెద్దాపురపు పట్టుచీర నేయువానికి దారము నెంత బిగించవలెనో తెలియును. అధికముగా బిగించినచో తెగును, తెగినచో ముడి వేయవచ్చును గాని ముడి కనబడకపోదు. పిల్లవాని మోకాలును అట్టిదే.

తలిదండ్రులు మమ్ము క్షమింతురుగాక! ఈ విషయమున గురువులకంటె వారి తొందరయే యెక్కువ యపకారము చేయుచున్నది. పండ్రెండేండ్ల లోపువారికి, పదునాలుగేండ్ల లోపువారికి పోటీలును, వరుస పట్టికలును గలవు. ఆ పట్టికలో నాలుగు మెట్లు దిగినంతనే ఇంట నొక శోకము, శిక్షకుని యింటికి ప్రయాణము! అమెరికాలో జెనిఫర్ కాప్రియాటి పదుమూడవ యేటనే, 1990లో, వృత్తిపోటీలలో దిగినది. నాలుగేండ్లు తిరుగకమునుపే యలసి యాట విడిచినది. ఆమె మరల వచ్చి 2001లో ఆస్ట్రేలియా ఓపెన్ గెలుచుట నిజమే; కాని నడుమ గడచిన యేండ్లను ఎవరు తిరిగి యీయగలరు? ఆ యనుభవముల తరువాతనే స్త్రీల టెన్నిసు సంఘమువారు 1995 మొదలు వయోనియమములను కఠినపరచిరి. పదునాలుగేండ్లు నిండని బాలిక వృత్తిపోటీలలో ఆడరాదు. ఆపైన నెన్ని పోటీలాడవచ్చునో వయస్సును బట్టి లెక్కించిరి. శాసనము చేసి నిలుపవలసివచ్చినంతటి తొందర మనకును గలదని యొప్పుకొనవలెను.

"అందరును పరుగెత్తుచుండ మావాడు మాత్రము నెమ్మదిగా నడచినచో వెనుకబడడా?" యని యడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ప్రత్యుత్తరము లియాండర్ పేస్ జీవితమున గలదు. 1985లో మద్రాసున అమృతరాజ్ గారు స్థాపించిన శిక్షణాలయమున పెరిగిన యా బాలుడు 1990లో వింబుల్డన్ బాలుర విజేత యయ్యెను. 1996లో అట్లాంటా ఒలింపిక్సున కంచుపతకము తెచ్చెను. 2016లో, నలువది రెండేండ్ల వయస్సున, ఫ్రెంచి ఓపెన్ మిశ్రమ డబుల్సు గెలిచెను. బాలవిజేతలు పెక్కురు గలరు. ఇరువదియాఱేండ్ల తరువాత గూడ గెలుచువారు అరుదు. ముందుపడుట వెనుకబడుట పదునాలుగవ యేట తేలునవి గావు.

ఇక మన పట్టణము మాట. పెద్దాపురము వంటి యూళ్లకు వేతనమిచ్చి ప్రత్యేక శిక్షకుని పిలుచు శక్తి యుండకపోవచ్చును. అంతమాత్రమున చేతులు ముడుచుకొన నవసరము లేదు. ఆట వేరైనను, అమలాపురపు బాలుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఉదాహరణము మన ముందే యున్నది. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. బాలుడు 2014లో హైదరాబాదునందలి గోపీచంద్ శిక్షణాలయమున చేరెను. 2015లో వచ్చిన మలేషియా దేశపు శిక్షకుడు టాన్ కిమ్ హర్ అతనిని ముంబయి వాడగు చిరాగ్ శెట్టితో జతపరచెను. 2023లో ఆ జంట ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచి, ప్రపంచమున ప్రథమస్థాన మందెను. విదేశపు గురువు చేసిన మేలు గొప్పదే. కాని ఆతని చేతికి వచ్చునాటికి ఆ దేహమునకు పునాది కోనసీమలోనే పడియుండెను.

కనుక మన పాఠశాలల వ్యాయామోపాధ్యాయుడే మన మొదటి పెర్ఫార్మెన్సు కోచ్. వ్యాయామపు గంటను గణితమునకో పరీక్షలకో అప్పగించు నలవాటు ముందుగా పోవలెను. మన గోదావరి సీమలో వేసవి యెండకు తోడు ఉక్క యధికము. చెమట యారదు, ఒడలు చల్లబడదు. ఉదయ సాయంకాలములందే ఆడించుట, ఉప్పు వేసిన మజ్జిగయో నిమ్మరసమో నడుమనడుమ త్రాగించుట, వారమున కొక దినము పూర్తిగా విడిచిపెట్టుట — వీనికి ధనము పనిలేదు. పాండవుల మెట్ట యెక్కి దిగుటకు రుసుము లేదు. పదుమూడేండ్ల వరకు పిల్లవానిని ఒకే యాటకు కట్టివేయక, కబడ్డీ, ఈత, పరుగు, అన్నియు నాడనిచ్చుట తలిదండ్రుల చేతిలోని పని. బాలికలకును ఈ యవకాశము సమానముగా నుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

క్రొత్త గురువునకు స్వాగతము. పిల్లవానిని నేడు ఆడింపవలదని చెప్పు నధికార మాతనికుండవలెను. ఆ మాటను తండ్రియు, శిక్షణాలయాధికారియు తలవంచి వినవలెను. ఆ యధికారము లేనిచో ఆతని నియామకము పలకమీది పేరు మాత్రమే. ఆతని పనిని మూడు నెలల కప్పులతో కొలువరాదు. నేడు ఆతని చేతిలోనున్న పండ్రెండేండ్ల బాలుడు ఇరువదియైదవ యేట, ఐదవ సెట్టున, ఆ చివరి పాయింటునకు నిలువగలిగిననాడు ఆతని పని నెరవేరినదని చెప్పుదము.