రెండు వారాల బంగారం
పైన్‌, దేవదారు చెట్లు ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. వాటి చుట్టమే అయినా లార్చ్‌ తీరు వేరు. చలికాలం ముందు దాని సూదుల్లాంటి ఆకులు బంగారు రంగుకి మారి రాలిపోతాయి. అమెరికాలోని వాషింగ్టన్‌ రాష్ట్రంలో, ఎన్‌చాంట్‌మెంట్స్‌ కొండ సరస్సుల చుట్టూ ఆ వైభవం సెప్టెంబరు చివర మొదలై రెండు వారాలుంటే గొప్ప. ఆ వారాంతాల్లో గుడారం వేసుకోవాలంటే సాధారణంగా లాటరీలో పేరు రావాల్సిందే!

పేరొచ్చినా ఆస్‌గార్డ్‌ కనుమ ఎక్కాలిగా... కోల్చక్‌ సరస్సు నుంచి మైలులోపే దాదాపు 2,200 అడుగుల ఎత్తు. అంతా బండలూ, కాలు పెడితే కదిలే రాళ్లూ. అక్టోబరులో రాత్రి మంచు కురిస్తే తెల్లారేసరికి అవన్నీ జారుడుబల్లలే. అక్కడ జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే అనుభవజ్ఞులు ఆకాశం మబ్బేస్తే, లాటరీ తగిలింది కదాని చూడకుండా వెనుదిరుగుతారు.

పైకి చేరినవాళ్లు అక్కడక్కడా చేతులూ ఆనించి మరో శిఖరం ఎక్కుతారు. 8,400 అడుగులు దాటిన దాని పేరు... లిటిల్‌ అన్నపూర్ణ! దిగొచ్చేసరికి గుడారం దగ్గర కొండమేకలు కాచుకుని ఉంటాయి. ఉప్పు కోసం, చెమట ఇంకిన బ్యాగు పట్టీల్ని కూడా నమిలేస్తాయవి.