సముద్రానికి ప్రహరీగోడ

అమెరికాలో వుద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కిందటి నెల ఒక వుత్తరం రాశాడు. "మామయ్యా, క్రిస్మస్ సెలవులకు అందరం జమైకా వెళ్దాం. నువ్వూ అత్తయ్యా రండి, మిగతాదంతా నేను చూసుకుంటాను" అని దాని సారాంశం. దాంతోపాటు మాంటెగో బే దగ్గరున్న ఒక హోటలు తాలూకు రంగుల పుస్తకం పంపాడు. ఆ పుస్తకం నేను రెండుసార్లు చదివాను. అందులో సముద్రమున్నది, యిసుకున్నది, కొబ్బరిచెట్లున్నవి, పళ్లేలు పట్టుకుని నవ్వుతున్న నల్లవారున్నారు. జమైకా మాత్రం లేదు.

ఈ సంగతి చెప్పగా సాటి ఉపాధ్యాయులిద్దరు రెండు రకాలుగా మాట్లాడారు. ఇద్దరూ అభ్యుదయవాదులే. "డబ్బున్నవాళ్ల విలాసాలు మనకెందుకు, పోవటమే తప్పు" అన్నారొకరు. "మీబోటివాళ్లు పోతేనే గదా అక్కడి పేదవాడికి నాలుగు డాలర్లు దక్కేది" అన్నారు రెండోవారు. నా వుద్దేశంలో యిద్దరిదీ పొరపాటే. మొదటిది వైరాగ్యం. వైరాగ్యానికీ అభ్యుదయానికీ చుట్టరికం లేదు. కష్టజీవికి కూడా సముద్రం చూసే తీరిక వుండాలని మనం అంటాం గాని, ఎవరూ చూడగూడదని అనం. రెండోదానికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. అది మన విద్యార్థులను సులభంగా మోసపుచ్చే వాదం.

ఆ హోటలు పద్ధతి యిది. తిండీ, మద్యమూ, ఆటా పాటా అన్నిటికీ కలిపి ముందే, మన వూళ్లోనే చెల్లించాలి. అక్కడ దిగగానే చేతికి పట్టీ కడతారు. అన్నిటికీ డబ్బు కట్టేసినవాడు గోడ దాటి, బయటి వీధిలో వంట చేసి అమ్ముకునే మనిషి దగ్గరకు ఎందుకు పోతాడు? విమానం కంపెనీకీ, ఏజెంటుకూ, హోటలు సొంతదారుకూ, ఓడలో దిగే సరుకుకూ పోగా మిగిలిందే పక్కలు దులిపే మనిషి జీతం. జీతాన్ని నేను చులకన చెయ్యను. కాని జీతం చూపించి సముద్రాన్ని లాక్కోవటం వేరే సంగతి.

లాక్కోవటమన్నది అతిశయోక్తి కాదు. జమైకా యింకా బ్రిటిషు వలసగా వున్నప్పుడు, 1956లో, బీచి కంట్రోలు చట్టమొకటి చేశారు. దాని ప్రకారం అలలు తాకే నేల రాజ్యం సొత్తు. అక్కడ నడవటానికీ మునగటానికీ సామాన్య ప్రజకు సాధారణ హక్కేదీ లేదు. 1962 ఆగస్టు 6న స్వాతంత్ర్యం వచ్చింది. జెండా మారింది గాని చట్టం తర్వాత కూడా దశాబ్దాలు బతికింది. హోటళ్ల గోడలు యిసుకదాకా వచ్చాయి. దీవిలో పుట్టినవాడు సముద్రానికి పోవటానికి దారి వెతుక్కోవలసి వచ్చింది. మార్టినిక్‌లో పుట్టిన ఫ్రాంజ్ ఫానన్ 1961లోనే హెచ్చరించాడు: స్వతంత్ర దేశపు బూర్జువా వర్గం చివరకు పాశ్చాత్య ధనికులకు విశ్రాంతి స్థలాలు నడిపే గుమాస్తాగా మిగులుతుందని. అందుకని తప్పంతా పరాయివాడి మీద తోసెయ్యటం కూడా కుదరదు.

ఆ పుస్తకంలో చరిత్రకు ఒక పూట కేటాయించారు. రోజ్ హాల్ అనే పాత చెరకుతోట దొరల మేడ చూపించి దయ్యం కథ చెబుతారట. అదే మాంటెగో బే ప్రాంతంలో, అదే క్రిస్మస్ వారంలో, 1831లో ఏం జరిగిందో మాత్రం ఒక్క ముక్క లేదు. సామ్ షార్ప్ అనే బానిస, పండుగ తర్వాత కూలి యిస్తేనే పని చేస్తామని తోటివారిని కూడగట్టాడు. డిసెంబరు 27 రాత్రి కెన్సింగ్టన్ తోట తగలబడింది. వేలకువేలు బానిసలు లేచారు. తిరుగుబాటును అణచి 300 మందికి పైగా ప్రాణాలు తీశారు. 1832 మే నెలలో షార్ప్‌ను అదే వూళ్లో వురితీశారు. మరుసటి సంవత్సరం బానిసత్వ నిర్మూలన చట్టం చెయ్యక బ్రిటిషు పార్లమెంటుకు తప్పలేదు. ఆ చట్టం కింద 2 కోట్ల పౌన్ల నష్టపరిహారం యిచ్చారు. ఎవరికి? బానిసల యజమానులకు! బానిసకు దమ్మిడీ లేదు. ఆ అప్పు తాలూకు చివరి బాకీని బ్రిటన్ 2015లో తీర్చింది. ఖాళీ అయిన తోటలకు 1845 నుంచి మన దేశపు కూలీలను ఒప్పందాల మీద ఓడల్లో తోలారు. ఆ దీవికి మొదట పోయిన భారతీయులు చేతికి పట్టీలు కట్టించుకున్నవారు కారు.

కనక మేనల్లుడికి యిలా జవాబు రాశాను: "తప్పకుండా వస్తాం. ఆ హోటలు మాత్రం వద్దు. వూళ్లోనే ఒక యింట్లో గది తీసుకుందాం. వీధిలో తిందాం. 27వ తేదీన సామ్ షార్ప్ పేరున్న కూడలికి పోదాం. సముద్రతీరం ప్రజల జన్మహక్కని అక్కడ వుద్యమం నడుపుతున్నవారున్నారు, వీలైతే వారిని కలుసుకుందాం. స్నానానికి ఆ వూరివాళ్లు పోయే బీచికే పోదాం."

నాలుగు రోజులకు సమాధానం వచ్చింది. "అలాగే మామయ్యా. ఖర్చు కూడా తగ్గుతుంది. కాని విచారించాను, వూరివాళ్లు పోయే బీచిలు చాలా తక్కువట. మంచివన్నీ హోటళ్లవేనట."

వాడు ప్రయాణానికి అడ్డంకి చెప్పాననుకున్నాడు. నా వాదానికి సాక్ష్యం చెప్పాడు.